ఇద్దరు టీచర్ల బడిలో కాగితాల గుట్టలు: ముందు ఫైళ్ళు కొనకండి

మేడం, మీ ప్రశ్న మొత్తం చదివాను. తెలంగాణ 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చి, ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో చేరారు. ఐదు తరగతులు, రెండు గదులు, నలభై మంది పిల్లలు, ఒక్క బీరువా. టేబుల్ మీద, కిటికీ గూట్లో, బెంచీల కింద ఎటు చూసినా కాగితాలే. మొన్న సీఆర్‌పీ (మన క్లస్టర్ బళ్ళు చూసే రిసోర్స్ పర్సన్) వచ్చి ఎఫ్ఏ-1 (ఏడాది మధ్యలో పెట్టే నాలుగు ఫార్మేటివ్ పరీక్షల్లో మొదటిది) పేపర్లు చూపించమంటే దొరకలేదు, అప్పట్నుంచి టెన్షన్ పట్టుకుంది. పైగా మీకంటే ముందున్న టీచరు వదిలి వెళ్ళిన మూడు అట్టపెట్టెలు మూలన అలాగే ఉన్నాయి. ఎన్ని ఫైళ్ళు కొనాలి, ఇంకో బీరువాకి ఎవరిని అడగాలి, ఆ పెట్టెలు ఏం చేయాలి అని అడిగారు.

నా సర్వీసంతా మొదట ఎస్జీటీగా (చిన్న తరగతుల టీచరుగా), తర్వాత ఎల్ఎఫ్ఎల్ హెచ్‌ఎంగా (ప్రాథమిక బడి హెడ్మాస్టరుగా) ఇలాంటి బళ్ళలోనే గడిచింది. కాబట్టి నిర్మొహమాటంగా చెప్తున్నాను. ఇప్పుడే ఫైళ్ళు కొనకండి. బీరువా అడగకండి. చేతికొచ్చిన కాగితం ఎవరిదో ఆ క్షణంలో తేల్చకుండా ‘తర్వాత చూద్దాం’ అని పక్కన పెట్టడం వల్ల గుట్ట పడుతుంది. కొత్త బీరువా వస్తే ‘తర్వాత చూద్దాం’ అన్నవన్నీ దాంట్లోకి పోతాయి, నెల తిరిగేసరికి టేబుల్ మళ్ళీ నిండుతుంది.

తరగతి గదిలోకి వచ్చే ఏ కాగితమైనా ముగ్గురిలో ఒకరిది. పిల్లలది, ఆఫీసుది, లేదా మీది. పిల్లలది పిల్లల ఇంటికి పోవాలి. ఆఫీసుది హెచ్‌ఎం దగ్గరికి పోవాలి. మీది మాత్రమే గదిలో ఉండాలి, అది చాలా కొంచెం. నిజంగా లెక్క పెడితే మీకంటూ ఉండాల్సినవి హాజరు పట్టిక, మార్కుల రిజిస్టరు, లెసన్ ప్లాన్, టీచింగ్ డైరీ. ఈ నాలుగూ ఒక చేతిలో పడతాయి. మిగతావన్నీ బయటికి పోయే దారిలో ఉన్నవే.

మీ టేబుల్ సొరుగు ఒకసారి తెరిచి, అందులో ఉన్నవి ఒక్కొక్కటే తీద్దాం. దాదాపు అన్ని సొరుగుల్లో దొరికేవి ఇవే. డబుల్ రూల్ నోట్‌బుక్కులోంచి చింపిన పేజీ మీద నాలుగో తరగతి పాప రాసిన సెలవు చీటీ: ‘మా అక్క పెండ్లి ఉన్నందున మూడు రోజులు సెలవు ఇయ్యగలరు.’ హాజరు పట్టికలో వేసేశారు, ఇక ఈ చీటీ పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ పాప ఎవరూ చెప్పకుండా సొంతంగా రాసిన రాత అది. పాఠంలోంచి ఎక్కించిన ప్రశ్న జవాబుకంటే దీంట్లోనే ఆమె తెలుగు ఎక్కడుందో తెలుస్తుంది. తేదీ వేసి ఆమె ఫైలులో పెట్టండి. దాని కింద ఒక ఆదాయ ధ్రువపత్రం జిరాక్స్. ఇది ఆఫీసుది, ఈ రోజే హెచ్‌ఎం చేతికి వెళ్ళాలి. దాని కింద సగం దిద్దిన గణితం పేపర్లు ఐదు. ఇవి పిల్లలవి, మీ దగ్గర అప్పుగా ఉన్నాయి. ఆ ఐదుగురినీ పక్కన కూర్చోబెట్టుకుని దిద్ది అక్కడే చేతికిచ్చేయండి. తేదీ దాటిపోయిన సర్క్యులర్ ప్రింటు ఒకటి, వెనకంతా తెల్లగా ఉంది, అది చిత్తు కాగితం. మధ్యాహ్న భోజనం వండే అమ్మ రాసిచ్చిన గుడ్ల లెక్క చీటీ, రిజిస్టర్‌లో ఎక్కించగానే దాని అవసరం తీరింది. అడుగున ఒకటో తరగతి బాబు వేసిన బతుకమ్మ బొమ్మ, నలిగిపోయి. అది గోడ మీద ఉండాల్సింది. వారం తర్వాత వాళ్ళ ఇంట్లో ఉండాల్సింది.

చూశారా, ఆరు రకాల కాగితాల్లో ఒక్కటి కూడా సొరుగులో ఉండాల్సింది కాదు.

అందుకే టేబుల్ మీద రెండే ట్రేలు పెట్టుకోండి. వర్క్‌బుక్కులు వచ్చిన అట్టపెట్టె మూత ఒకటి, అడుగు ఒకటి చాలు, కొనే పని లేదు. ఒకదాని మీద ‘ఆఫీసుకు’, ఇంకోదాని మీద ‘పిల్లలకు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. లాంగ్ బెల్ కొట్టేలోపు రెండూ ఖాళీ కావాలి. ‘పెండింగ్’ అని మూడో ట్రే పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి పెట్టకండి. ఆ మూడో ట్రేయే ఏడాది తిరిగేసరికి మూలన అట్టపెట్టె అవుతుంది.

ఇప్పుడు అసలు బరువు ఎక్కడ ఉందో లెక్క చూద్దాం. మీ నలభై మందిలో ఒకటి, రెండు తరగతుల్లో 16 మంది, మూడు నుంచి ఐదు వరకు 24 మంది అనుకోండి. చిన్నవాళ్ళకు తెలుగు, గణితం, ఇంగ్లిష్ మూడు సబ్జెక్టులు. పెద్దవాళ్ళకు పరిసరాల విజ్ఞానంతో కలిపి నాలుగు. ఒక్క ఎఫ్ఏకి లఘు పరీక్షలు విడి కాగితాల మీద పెడితే 48, 96 కలిపి 144 పేపర్లు. ప్రాజెక్టు పనులకు ఇంకో 144. ఎఫ్ఏలు నాలుగు కాబట్టి 1,152. ఎస్ఏలు (టర్ము చివర పెట్టే పెద్ద పరీక్షలు) రెండూ, సబ్జెక్టుకు ఒక్క షీటే అనుకున్నా, 288. మొత్తం 1,440 కాగితాలు, అంటే దాదాపు మూడు రిమ్ములు. తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కార్యక్రమం) పరీక్షలు, వర్క్‌షీట్లు, బొమ్మలు ఇందులో కలపలేదు. ఇంత కాగితాన్ని విడివిడిగా ఏ ఫైలూ మొయ్యలేదు. మోసినా, కావాల్సిన రోజు అందులోంచి ఒక్క పేపరు తీయడం ఎవరివల్లా కాదు.

ఇక్కడ కోయాల్సింది లఘు పరీక్షల కాగితాలని. ప్రతి పిల్లాడికీ 100 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, అట్ట మీద ‘పరీక్షల పుస్తకం’ అని పేరు, తరగతి, రోల్ నంబర్. ఎఫ్ఏ ప్రశ్నలు మనమే తయారు చేసుకుంటాం కదా, బోర్డు మీద రాయండి, పిల్లలు ఆ పుస్తకంలోనే రాస్తారు. నాలుగు సబ్జెక్టులు, నాలుగు ఎఫ్ఏలు, అంటే 16 పరీక్షలు. ఒక్కోదానికి రెండు పేజీలు వేసుకున్నా 32 పేజీలతో అయిపోతుంది. మిగిలిన పేజీల్లో తొలిమెట్టు పరీక్ష పేపర్లు, ముఖ్యమైన వర్క్‌షీట్లు అంటించుకోవచ్చు. 576 విడి కాగితాలు నలభై పుస్తకాలుగా మారిపోతాయి. ఒకటో తరగతి పిల్లలు బోర్డు చూసి ఎక్కించలేరు కాబట్టి వాళ్ళకు జిరాక్స్ షీటే ఇవ్వండి. రాశాక అదే పుస్తకంలో అంటిస్తే సరి. జిగురుకు మైదా వాడకండి, పురుగు పడుతుంది. ఫెవికాల్ చుక్క పేజీ నాలుగు మూలల్లో పెడితే చాలు.

మొదటి పేజీలో ఒక పట్టిక గీయించండి. తేదీ, సబ్జెక్టు, ఏ ఎఫ్ఏ, మార్కులు, తల్లి లేదా తండ్రి సంతకం. ఈ పట్టిక మీ టెన్షన్ సగం తీసేస్తుంది. సీఆర్‌పీ గానీ మండల నోడల్ అధికారి గానీ వచ్చి ఎఫ్ఏ-1 చూపించమంటే నలభై పుస్తకాలు తీసి ముందు పెడతారు, మొదటి పేజీ చూస్తే అంతా కనిపిస్తుంది. పిల్లాడు జూలైలో ఎలా రాశాడు, డిసెంబర్‌లో ఎలా రాశాడు అన్నది పేజీ తిప్పితే తెలుస్తుంది. విడి పేపర్ల బండిల్‌లో ఈ సౌకర్యం ఎప్పటికీ రాదు. బండిల్ పరీక్షలవారీగా ఉంటుంది, మనకు కావాల్సింది పిల్లాడివారీగా. మూడో శనివారం పీటీఎంకి (పేరెంట్ టీచర్ మీటింగ్‌కి) తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతికిస్తే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. చదువు రాని తల్లి అయినా రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూపిస్తే, ‘అక్షరాలు ఇప్పుడు కుదురుగా ఉన్నయి మేడం’ అని ఆమే అంటుంది. పత్తి ఏరే రోజుల్లో రాలేనివాళ్ళకు ఒక రాత్రికి ఇంటికి పంపండి, సంతకమో వేలిముద్రో వేయించుకుని పొద్దున్నే తెమ్మనండి. తేకపోతే అని భయపడకండి. ఒక లీడర్‌ని పెట్టి, ఇచ్చిన పుస్తకాలు ఎన్ని, వచ్చినవి ఎన్ని అని బోర్డు మూలన రాయించండి, వచ్చేస్తాయి.

ప్రాజెక్టు పనులకు ఒక్కొక్కరు ఒక్కో చార్టు తేవాల్సిన పని లేదు. నలుగురైదుగురి జట్టుకు ఒక షీటు, ఎవరు ఏం చేశారో ఎవరికి వాళ్ళు పరీక్షల పుస్తకం చివరి పేజీల్లో రాస్తారు. ఇంటికి డబ్బు ఖర్చు కూడా తగ్గుతుంది. కూలికి పోయే తల్లి పిల్లాడి చార్టు కోసం, స్కెచ్ పెన్నుల కోసం షాపుకి పరిగెత్తడం నాకెప్పుడూ బాధగానే ఉండేది.

దిద్దడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సగం గుట్ట దిద్దని పుస్తకాలదే. బస్సులో బండిల్ మోసుకుంటూ ఇంటికి తీసుకెళ్ళకండి. ఇంట్లో దిద్దితే టిక్కులు పడతాయి తప్ప పిల్లాడికి ఏమీ తెలియదు. పుస్తకాలు ఇచ్చేటప్పుడే, దిద్దాల్సిన పేజీ తెరిచి, ఒకదానిమీద ఒకటి రోల్ నంబర్ వరసలో పెట్టమని పిల్లలకు అలవాటు చేయండి. పేజీ వెతుక్కునే సమయం మొత్తం మిగులుతుంది. ఒక తరగతికి చదివే పని ఇచ్చి ఇంకో తరగతివి ఐదారు పుస్తకాలు పిల్లల్ని పక్కన పెట్టుకుని దిద్దేయవచ్చు. మల్టీగ్రేడ్‌లో రోజుకి అందరివీ దిద్దాలని పెట్టుకుంటే ఎవరివీ పూర్తి కావు. ఏ రోజు ఏ తరగతి అన్నది గోడ మీద రాసి పెట్టుకోండి.

మీ గదిలో మూడు తరగతులు కలిసి కూర్చుంటాయి కాబట్టి కాగితాలు కలిసిపోవడమే పెద్ద చికాకు. దీనికి రంగు చాలా బాగా పని చేస్తుంది. మూడో తరగతికి ఎరుపు, నాలుగుకి ఆకుపచ్చ, ఐదుకి నీలం అనుకోండి. నోట్‌బుక్కుల వెన్ను మీద ఆ రంగు స్కెచ్ పెన్‌తో అడ్డంగా ఒక గీత. అరలో పేర్చినప్పుడు ఎరుపు వరసలో ఒక నీలం గీత కనిపిస్తే ఐదో తరగతి పుస్తకం ఇటు వచ్చిందని ఇంకా చదవడం రాని పిల్లాడు కూడా చెప్తాడు. విడి వర్క్‌షీట్లకైతే పంచేముందే కట్ట కుడిచేతి పై మూలన అదే రంగు క్రేయాన్ ఒకసారి రాస్తే అన్నిటికీ అంటుకుంటుంది.

ఇక పిల్లల ఫైలు. దీనికి కూడా కొనాల్సింది ఏమీ లేదు. పాత క్యాలెండర్ షీటు ఒకటి తీసుకోండి, మందంగా ఉండే రకం. తెల్లవైపు బయటికి వచ్చేలా అడ్డంగా సగానికి మడవండి. రెండు పక్కలా సూది దారంతో కుట్టించండి, పిన్నులు వద్దు. తెలంగాణ వానాకాలంలో స్టాప్లర్ పిన్నూ, జెమ్ క్లిప్పూ తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. పైన నోరు తెరుచుకుని ఉండే సంచి తయారవుతుంది. దాని మీద పేరు పిల్లాడే రాసుకోవాలి, ఒక బొమ్మ వేసుకోవాలి. అందులో ఏం పెట్టాలన్నది నెలకొకసారి పిల్లాడే ఎంచుకోవాలి. ఈ నెల రాసినవాటిలో, వేసినవాటిలో నీకు నచ్చినవి రెండు తియ్యి, మిగతావి ఇంటికి తీసుకుపో. అంతే. ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం వెనకాల రాయమనండి. మొదటి నెల అందరూ ‘బాగుంది’ అని రాస్తారు. మూడో నెలకి ‘ఇందులో ఒత్తులు తప్పు పోలేదు’ అని రాసేవాళ్ళు వస్తారు. కాగితాలు సర్దడం పిల్లల చదువులో భాగం అయ్యేది ఇక్కడే, నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైనది కూడా ఇదే.

గోడ మీద చోటు పిల్లలదే. కిటికీ మేకు నుంచి కిటికీ మేకుకి ఒక నైలాన్ తాడు, ఒకటో తరగతి పిల్లాడి చెయ్యి అందేంత ఎత్తులో. బట్టల క్లిప్పులు పిల్లాడికొకటి, క్లిప్పు మీద పేరు. ఎవరి క్లిప్పుకి వాళ్ళ బొమ్మ, వాళ్ళ కథ. కొత్తది పెట్టాలంటే పాతది తీసి ఇంటికి తీసుకుపోవాలి. దండెం నిండితే ఇంకో దండెం కట్టే ప్రశ్నే లేదు. సెలోటేపుతో గోడకి అంటించడం మానేయండి. రంగు వేసిన గోడలు పెచ్చులూడి పాడవుతున్నాయి.

టీఎల్ఎం (పాఠం చెప్పడానికి వాడే) చార్టుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. చుట్టచుట్టి రబ్బర్ బ్యాండ్ వేయకండి, ఎండాకాలంలో రబ్బరు కరిగి చార్టుకి అతుక్కుంటుంది. క్లిప్పులున్న ప్యాంటు హ్యాంగర్లకి తగిలించి, ఒక్కో హ్యాంగర్‌కి ఒక తరగతి చార్టులు, తలుపు వెనక రాడ్డుకి వేలాడదీయండి. వాడి ఏడాది దాటిన చార్టు మీద మమకారం పెట్టుకోకండి.

పుస్తకాలు కూడా కాగితాల కిందికే వస్తాయి. మన పాఠ్యపుస్తకాలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్ ఉండటంతో మందం పెరిగి రెండు భాగాలయ్యాయి. రెండో భాగాలు పంచేదాకా గదిలో పడి ఉంటాయి. అవి విప్పకుండా, కట్టలుగానే, హెచ్‌ఎం గదిలో ఉంచమనండి. మిగిలిపోయిన పుస్తకాలు, వర్క్‌బుక్కులు స్టాక్ రిజిస్టర్‌లో రాసి, ఎన్ని మిగిలాయో ఎమ్మార్సీకి (మండల రిసోర్స్ సెంటర్‌కి) చెప్తే, తక్కువ పడిన బడికి వెళ్తాయి. మీ గదిలో చెదలు తినే పుస్తకం కోసం పక్క ఊరి బడిలో ఇద్దరు పిల్లలు ఒకదాంట్లోంచి చదువుకుంటూ ఉండొచ్చు.

సర్క్యులర్ల విషయానికి వస్తే, ఇప్పుడు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే వస్తున్నాయి. వచ్చిన ప్రతిదీ ప్రింట్ తీసే అలవాటు కొన్ని బళ్ళలో ఉంది. సంతకం పెట్టి పంపాల్సింది మాత్రమే ప్రింట్ తీయండి. మిగతావాటికి ఒక నోట్‌బుక్‌లో తేదీ, ప్రొసీడింగ్స్ ఆర్‌సీ నంబర్, విషయం ఒక్క లైనులో, ఎప్పటిలోపు చేయాలో రాస్తే చాలు. గ్రూపులో వెతకాలన్నా ఆ నంబర్ కొడితే వచ్చేస్తుంది. ఇంకో చిన్న పని చేయండి. గ్రూపులో అడిగే ఫార్మాట్లు పేరు మార్చుకుని వచ్చినా అడిగేది మాత్రం అదే రోల్: తరగతివారీగా, బాలురు, బాలికలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఓసీ, దివ్యాంగ పిల్లలు ఎంతమంది. ఇదంతా ఒకే పేజీలో పెన్సిల్‌తో రాసి హాజరు పట్టిక లోపలి అట్టకి అంటించండి. కొత్త అడ్మిషన్ వచ్చినా, టీసీ వెళ్ళినా ఆ ఒక్క పేజీ దిద్దండి. భోజనం టైములో ‘అర్జెంట్, అరగంటలో పంపండి’ అని మెసేజ్ వచ్చినా పాఠం ఆపాల్సిన అవసరం రాదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం దయచేసి చాలా గట్టిగా పట్టుకోండి. పిల్లల ఆధార్ జిరాక్సులు, తల్లుల బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు, కుల ధ్రువపత్రాలు, అపార్ ఐడీ (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) కోసం తల్లిదండ్రులు సంతకం పెట్టిచ్చిన అంగీకార పత్రాలు, ఇవి తరగతి గదిలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. ప్రతి కొత్త పనికీ మళ్ళీ జిరాక్స్ తెమ్మంటాం, పిల్లలు తెస్తారు, నంబర్ ఆన్‌లైన్‌లో ఎక్కించాక ఆ కాగితం టేబుల్ మీదే మిగిలిపోతుంది. ఏడాది చివర చిత్తు కాగితాలతో కలిపి కిలోల లెక్కన అమ్మేస్తే, అది మిర్చి బజ్జీ పొట్లమై ఊళ్ళో తిరుగుతుంది. పొట్లం విప్పినవాడి చేతిలో ఒక ఎనిమిదేళ్ళ పాప ఫోటో, పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా, ఆధార్ నంబర్. మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది. బడి వెనక తగలబెట్టడం కూడా పరిష్కారం కాదు. పొగ పిల్లలు పీలుస్తారు, సగం కాలినవి గాలికి ఎగిరి రోడ్డు మీద పడతాయి.

ఉంచాల్సినవి హెచ్‌ఎం బీరువాలో తాళం కింద, తరగతివారీగా ఒక ట్యాగు ఫైలులో ఉండాలి. ఒకటికి మించి ఉన్న కాపీలు, పని అయిపోయినవి, హెచ్‌ఎంకి చెప్పి మీరే మీ చేత్తో నంబర్, ఫోటో మీదుగా చింపి బకెట్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దుటికి గుజ్జు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పాత కాగితాలు నానబెట్టి రుబ్బి, మెంతిపిండి కలిపి చాటలకు, గంపలకు పూసేవారు, గుర్తుందా? మెంతుల వల్ల పురుగు పట్టదని అంటారు. మీ బడి పక్కన ఉండే అవ్వనెవరినైనా అడిగితే పిల్లలకు చూపిస్తుంది. చిన్న గిన్నె బోర్లించి దానిమీద గుజ్జు మెత్తి ఆరబెడితే చాక్‌పీసులు, క్రేయాన్లు పెట్టుకునే గంపలు వస్తాయి. పిల్లల చేత చేయించేటప్పుడు మాత్రం చిత్తు కాగితాల గుజ్జే వాడండి. ఆధార్‌వి చింపి నానబెట్టే పని ఎప్పుడూ మీదే.

కాగితానికి ఇంకో ఇద్దరు శత్రువులున్నారు. వాన, చెద. బీరువా గోడకి ఆనించకుండా బెత్తెడు దూరం జరిపి, కింద ఇటుకలు పెట్టండి. చెద గోడలోంచి, నేలలోంచి వస్తుంది కాబట్టి ఆ ఖాళీలో మట్టి గీతలు కనిపిస్తే వెంటనే తెలుస్తుంది. పై కప్పు కారే చోటు ఎక్కడో మొదటి వానకే చూసి పెట్టుకోండి. అరల్లో ఎండిన వేపాకు వేసే అలవాటు మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని రిజిస్టర్లు నేల మీద పెట్టకండి. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా బడి మూసి ఉంటే అది ఏడు వారాలు. ఏడు వారాలు ఎవరూ కదపని గుట్ట చెదలకు చాలా ఎక్కువ సమయం. అందుకే ఎస్ఏ-2 అయిపోయిన వారం గదిలో నేల మీద ఒక్క కాగితం లేకుండా చూడండి. పిల్లల సంచులు, బొమ్మలు అన్నీ వాళ్ళతో ఇంటికి. పరీక్షల పుస్తకాలు, ఎస్ఏ పేపర్లు ఎప్పటివరకు ఉంచాలో హెచ్‌ఎంని అడిగి, అప్పటిదాకా బీరువాలో. పైగా మన బళ్ళే పోలింగ్ కేంద్రాలు. ఎన్నికలొస్తే ఒక్క రోజులో గది ఖాళీ చేయమంటారు, మీరు లేకపోయినా ఎవరో వచ్చి అన్నీ ఎత్తి వరండాలో వేస్తారు. నాలుగు రిజిస్టర్లు, నలభై పుస్తకాలు మాత్రమే ఉన్న గదికి ఆ భయం లేదు.

ఇక మూలనున్న ఆ మూడు అట్టపెట్టెలు. వాటిని చివరికి ఉంచాను కానీ, ముందుగా చూడాల్సింది అందులో రిజిస్టర్లు ఉన్నాయా అని. పాత హాజరు పట్టికలు, అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకాల కౌంటర్ ఫాయిళ్ళు, రికార్డు షీట్లు, వీటిలో ఏది కనిపించినా, ఎంత చిరిగినా, ఎంత పాతదైనా, పారేయడం అన్న మాటే రాకూడదు. ఎందుకో చెప్తాను. ఉద్యోగాల్లో స్థానికత తేల్చడానికి 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 4 నుంచి 10 తరగతులు ఎక్కడ చదివారన్నది చూసేవారు. తెలంగాణలో 2018 ఉత్తర్వులతో అది 1 నుంచి 7 తరగతులకు మారింది. అంటే ఈ రోజు గ్రూప్స్‌కో డీఎస్సీకో రాసే మనిషికి, మీ ప్రాథమిక పాఠశాల ఇచ్చే ఐదేళ్ళ బోనఫైడే ఆధారం. మీరు కూడా డీఎస్సీకి అది పెట్టే ఉంటారు. నోటిఫికేషన్ పడగానే ఇరవై ఏళ్ళ కిందటి విద్యార్థులు బడి గేటు ముందుకొస్తారు. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒక లైను చెదలు తినేస్తే ఒకరి ఉద్యోగం ఆగుతుంది. పుట్టిన తేదీ సవరణకి, పింఛనుకి వచ్చే పెద్దవాళ్ళు కూడా ఉంటారు.

కాబట్టి పెట్టెలు మీరొక్కరే విప్పకండి. ఒక శనివారం పిల్లలు వెళ్ళాక, హెచ్‌ఎం ఎదురుగా విప్పండి. తీసిన ప్రతిదాన్నీ తెల్లకాగితం మీద రాస్తూ పోండి: ఏమిటి, ఏ సంవత్సరానిది, ఎలా ఉంది. రిజిస్టర్లన్నీ తుడిచి, విడిపోయిన పేజీలు సూది దారంతో కుట్టించి, హెచ్‌ఎం బీరువాలో కింది అరలో కాకుండా పై అరలో పెట్టండి. మధ్యాహ్న భోజనం లెక్కలు, గ్రాంటు ఓచర్లు, కమిటీ తీర్మానాల పుస్తకాలు కనిపిస్తే అవి కూడా హెచ్‌ఎంవే, ఆడిట్‌కి అడుగుతారు, మీరు ముట్టుకోవద్దు. పాత పిల్లల జవాబు పేపర్లు, వాడని ఫార్మాట్లు, ఎప్పటివో సర్క్యులర్లు ఇంకో జాబితాలో రాసి, ఇవి అవసరం లేదని హెచ్‌ఎం రాసి సంతకం పెట్టాకే పెట్టెలోంచి బయటికి పంపండి. పాత పేపర్లలో పిల్లల బొమ్మలు దొరికితే పక్కన పెట్టండి. ఆ పిల్లలు ఇప్పుడు ఊళ్ళోనే హైస్కూల్లో చదువుతూ ఉంటారు, ఇంటికెళ్ళే దారిలో పిలిచి ఇచ్చేయొచ్చు.

ఈ పనంతా అయ్యాక ఇంకా చోటు చాలడం లేదు అనిపిస్తే అప్పుడు బీరువా గురించి రాయండి, స్కూల్ గ్రాంటులో ఎలా అడగాలో చెప్తాను. ముందైతే రేపు పొద్దున ఆ రెండు ట్రేలు పెట్టి, మూడో తరగతి పరీక్షల పుస్తకాలతో మొదలుపెట్టండి.